పెంపుడు కుక్క చిక్కిపోవుట

ఆవు పాలు తగ్గినచో ఆ పూటనే మనకు తెలియును. ఎద్దు మేత మానినచో పని నిలిచిపోవును గనుక రైతు ఆ దినముననే పశువైద్యశాలకు పోవును. కుక్క సంగతి అట్లు గాదు. అది పాలీయదు, బండి లాగదు. వాకిట పడియుండి క్రొత్తవారు వచ్చినపుడు మొరుగుట, రాత్రులందు దొడ్డికిని తోటకును కాపలా తిరుగుట దాని పని. అట్టి కుక్క నెలకు కొంత చొప్పున చిక్కుచున్నను ఇంటివారి కంటికి ఆనదు. ప్రతిదినము చూచెడి దానియందు మార్పు కనబడదు గదా! ఎన్నడో చుట్టము వచ్చి, "అదేమి, మీ కుక్క ఇట్లు బొమికల గూడైనది?" అని యడిగినపుడు మాత్రమే దానిని నిలిపి చూతుము.

అట్లడిగినవారికి మన పల్లెలలో సాధారణముగా మూడు సమాధానములు వినవచ్చును. దిష్టి తగిలినదనునది ఒకటి. ఎండకాలము గదా యనునది రెండవది. ముసలిదైపోయినదనునది మూడవది. కడపటి రెంటియందును కొంత నిజము లేకపోలేదు. ఎండలు ముదిరినపుడు కుక్కలు తిండి తగ్గించును. వయసు పైబడిన కుక్కకు తొడల కండ కరగును. కాని తొలకరి వచ్చినను ఒళ్ళు తిరుగని కుక్కకును, నాలుగేండ్ల వయసుననే డొక్కలు లోనికి పోయిన కుక్కకును ఈ మాటలు చాలవు. చిక్కిపోవుట యొక వ్యాధి కాదు. అనేక వ్యాధులకు పైకి కనబడు గుర్తు. ఆ వ్యాధులలో కొన్ని నాలుగు మాత్రలతో పోవును. కొన్ని ప్రాణము తీయును. మరి కొన్ని ఆ కుక్కతో ఆడుకొను మన పిల్లలకు సోకును. కావున కారణమును కనుగొనుటయందు ఇంటివారు చేయగల పని యేది, వైద్యునికి విడువవలసిన పని యేది యను విషయమును ఇచ్చట వివరింప దలచితిమి.

తూకము

మొదట తెలియవలసినది, కుక్క నిజముగా చిక్కినదా యనునది. కంటిచూపును నమ్మరాదు. ఊరిలో ధాన్యము తూచు కాటా ఉన్నచో అదియే చాలును. మనిషి యొక్కడే కాటాపై నిలిచి తన తూకము చూచుకొని, పిమ్మట కుక్కను ఎత్తుకొని మరల నిలువవలెను. రెండింటికి గల తేడాయే కుక్క తూకము. వారమునకొక తూరి, ఉదయమున తిండి పెట్టక మునుపు, అదే కాటాపై తూచి, పాలలెక్క వ్రాయు క్యాలెండరుమీదనే ఆ అంకెను వ్రాసియుంచవలెను. ఇంటివారు తిండి తగ్గింపకుండగనే పదవవంతు తూకము పోయినచో, అనగా 20 కిలోల కుక్క 18 కిలోలకు దిగినచో, దానిని ఉపేక్షింపరాదు.

కాటా దొరకని చోట చేతితో చూడవచ్చును. ఎడమచేతి పిడికిలి బిగించి మెటికలపై కుడిచేతి వ్రేళ్ళను రాచి చూడుడు. ప్రక్కటెముకలు అట్లు గరుకుగా తగిలినచో కుక్క చిక్కినట్లు. చేయి చాపి దాని వెనుకవైపు ఎముకలను రాచినపుడు తగులునట్లు తగిలినచో ఒళ్ళు సరిగా నున్నట్లు. అరచేతివలె మెత్తగా నుండి ఎముక కొరకు వెదకవలసి వచ్చినచో కొవ్వు పట్టినట్లు. బొచ్చుకుక్కల విషయమున ఈ చేతిపరీక్ష తప్పనిసరి. ఆ బొచ్చు క్రింద కుక్క ఎండి పుల్లయైనను పైకి తెలియదు. మరి ముధోల్ వంటి వేటజాతి కుక్కలకు ప్రక్కటెముకలు కొంత కనబడుట సహజమే. వానిని చూచి జబ్బని భ్రమపడనక్కరలేదు. ఏ జాతియైనను నిన్నటి తూకముతో నేటి తూకమును పోల్చుటయే సరియైన కొలత.

పెట్టిన అన్నము, తిన్న అన్నము

"మా కుక్క బాగుగనే తినుచున్నదండీ" అని చెప్పని యజమాని అరుదు. ఎంత తినుచున్నదని గ్రుచ్చి యడిగినచో, రాత్రి అందరును భుజించిన పిమ్మట మిగిలిన అన్నము మజ్జిగలో కలిపి పెట్టుచున్నామని చెప్పుదురు. ఆ అన్నమెంతయో లెక్క చూతము. 20 కిలోల తూకముగల కుక్కకు, విశేషమైన శ్రమ లేకున్నను, దినమునకు సుమారు 1000 కేలరీల ఆహారము కావలెను. 100 గ్రాముల వండిన అన్నమునందు ఉండునది సుమారు 130 కేలరీలు. పావుకిలో అన్నము పెట్టినచో 325 కేలరీలు మాత్రమే చేరును. అనగా కావలసిన దానిలో మూడవవంతు. పలుచని మజ్జిగ దానికి చేర్చునది స్వల్పము. కండ నిలుచుటకు అవసరమగు మాంసకృత్తులు ఆ కుక్కకు దినమునకు 30 గ్రాములకు తగ్గకూడదు. పావుకిలో అన్నమునందు 7 గ్రాములు కూడ ఉండవు. ఇట్టి కుక్క చిక్కుటలో వింత యేమున్నది? వింత యేమన్న, అన్నాళ్ళు బ్రతికియుండుటయే.

ఈ లోటు తీర్చుటకు డబ్బా తిండి కొననక్కరలేదు. అన్నముగాని, జొన్న సంకటిగాని, రాగి సంకటిగాని ముప్పాతిక కడుపు నింపి, దానికి తోడుగా ఉడికించిన గ్రుడ్డు, ముళ్ళు తీసిన చేప, శుభ్రముగా ఉడికించిన కోడి కాలేయము, గుండెకాయ, మెత్తగా ఉడికిన పప్పు, వీనిలో దొరికినది కలిపినచో చాలును. ఒక కోడిగ్రుడ్డునందు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. ఉల్లిపాయయు వెల్లుల్లియు వేసి తాళించిన కూరలు మాత్రము పెట్టరాదు. అవి మనకు మేలు చేసినను కుక్క నెత్తురులోని ఎర్రకణములను చెరచును. పగిలి సూదులవలె నగు వండిన కోడి ఎముకలును వలదు.

గొర్రెల మంద వెంట దినమంతయు నడచు కుక్కకు పైన చెప్పిన దానికన్న ఎక్కువ కావలెను. పిల్లల తల్లికి, ముఖ్యముగా ఈనిన మూడవ, నాల్గవ వారములందు, మామూలు తిండికి రెండు మూడు రెట్లు కావలెను. అప్పుడు దానికి మిగులు మెతుకులే పెట్టినచో తన కండనే కరగించి పిల్లలకు పాలిచ్చును.

పెట్టిన తిండి యెవరు తినుచున్నారను ప్రశ్న కూడ గలదు. ఒక మామిడితోటలో రెండు కుక్కలున్నవనుకొందము. కాపరి సాయంకాలము ఒకే చట్టిలో తిండి వేసి ఇంటికి పోవును. మరునాడు చట్టి ఖాళీగానుండును గనుక రెండును తిన్నవని తలచును. బలముగలది ముందు తిని, రెండవదానిని దగ్గరకు రానీయక తరిమిన సంగతి అతనికి తెలియదు. రాత్రి వచ్చిన ఊరకుక్కలు తిని పోవుటయు గలదు. అట్టి చోట కుక్కకు రక్తపరీక్ష చేయించుటకన్న ముందు రెండు చట్లు వేరువేరుగా పెట్టి, తినునంతవరకు ప్రక్కన నిలుచుట మేలు. ఇట్లు కంటియెదుట, కడుపునిండ, రెండు మూడు వారములు పెట్టినను తూకము పెరుగనిచో, కారణము చట్టిలో లేదు, కుక్క కడుపులోనో నెత్తురులోనో కలదని గ్రహింపవలెను.

పురుగులు

తినుచు చిక్కు కుక్కలలో, పిల్లలందు మరి విశేషముగా, మొదట అనుమానింపవలసినవి కడుపులోని పురుగులు. కుక్కల పేగులలో గుండ్రని పొడుగు పురుగులు, కొంకిపురుగులు, బద్దెపురుగులు ముఖ్యమైనవి. గుండ్రని పురుగులు తల్లి కడుపులోనుండగనే పిల్లలకు సోకును. కొంకిపురుగులు తల్లిపాలద్వారా చేరును. అందుచేతనే పుట్టిన రెండు వారములకే మొదటి పురుగుల మందు వేసి, పిమ్మట రెండు వారములకొక తూరి ఎనిమిదవ వారము వరకు వేయవలెనని వైద్యులు చెప్పుదురు. కండ్లు తెరచిన కూనకు మందేమిటని పెద్దలు విస్తుపోవుట కద్దు. కాని పొట్ట కుండవలె ఉబ్బి, వీపు ఎముకలు తేలి, కునుకుచు చచ్చిపోవు కూనలలో పెక్కింటి కథ ఇదియే.

కొంకిపురుగు పొడవు అంగుళమైనను లేదు. కాని పేగు గోడను పండ్లతో పట్టుకొని నెత్తురు పీల్చును. ఒకచోట విడచి మరియొకచోట పట్టునపుడు పాత గాయమునుండియు నెత్తురు కారుచుండును. అట్టివి వందలకొలది చేరినచో కుక్క చిగుళ్ళు పాలిపోయి సున్నపు గోడవలె నగును. మలము తారువలె నల్లబడును. కావున చిక్కిన కుక్కను చూచినపుడు పెదవి పైకెత్తి చిగుళ్ళ రంగు చూచుట అలవరచుకొనవలెను. ఆరోగ్యముగల కుక్క చిగుళ్ళు లేత గులాబి రంగున నుండును. కొన్ని కుక్కలకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా నుండును. వానికి కంటి క్రిందిరెప్ప లోపలివైపు చూడవలెను.

బద్దెపురుగు మరియొక విధముగా తన జాడ తెలుపును. మలముమీదను, తోక క్రింది వెండ్రుకలమీదను దోసగింజల వంటి తునకలు కదలుచు కనబడి, ఎండిన పిమ్మట బియ్యపు గింజలవలె అంటియుండును. ఇది కుక్క వెండ్రుకలలో గెంతుచు తిరుగు మిన్నల్లులద్వారా వచ్చును. కుక్క ఒళ్ళు కొరుకుకొనునపుడు మిన్నల్లి కడుపులోనికి పోవును, దానితో పురుగు కూడ పోవును. మిన్నల్లులను పోగొట్టక మందు మాత్రము వేసినచో నెలకు మరల అదే స్థితి.

పిల్లలున్న ఇంటివారు ఇచ్చట కొంత శ్రద్ధగా చదువవలెను. గుండ్రని పురుగుల గ్రుడ్లు కుక్క మలముతో నేలపై పడి, రెండు మూడు వారములలో సోకుటకు సిద్ధమై, మట్టిలో ఏండ్ల తరబడి నిలిచియుండును. ఆ మట్టిలో ఆడుకొని చేతులు కడుగకయే తిను పిల్లల కడుపులోనికి పోయినచో, ఆ పురుగు పిల్లలు కాలేయమునకును, ఒక్కొక్కప్పుడు కంటికిని చేరి చూపును చెరచును. కొంకిపురుగు పిల్లలు తడినేలపై వట్టికాళ్ళతో నడచువారి చర్మములో దూరి, వంకరటింకర గీతలవలె దురద పుట్టించుచు ప్రాకును. మలము పడిన దినముననే గ్రుడ్లు సోకునవి కావు గనుక, ప్రతి ఉదయమును దానిని పారతో ఎత్తి గోతిలో పూడ్చినచో ఈ బెడద చాలవరకు తప్పును. ఇది ఖర్చులేని పని. ఐనను మన వాకిళ్ళలో జరుగుట అరుదు.

ఈ సందర్భముననే మరియొక పురుగును గూర్చి చెప్పవలెను. ఇది కుక్కను చిక్కింపదు. కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పొడవున నుండి, దానికి ఏ బాధయు కలిగింపదు. కాని దాని గ్రుడ్లు మనిషి కడుపులో చేరినచో కాలేయమునందును ఊపిరితిత్తులందును నీటితిత్తులు కట్టి, శస్త్రచికిత్స వరకు తెచ్చును. గొర్రెను కోసినపుడు నీటితిత్తులున్న కాలేయమును పచ్చిగా కుక్కకు విసరుటచేత ఇది కుక్కకు పట్టును. మంద కాపరులు, మాంసము అమ్మువారు ఈ అలవాటు మానవలెను. అట్టి అవయవములను లోతుగా పూడ్చుటగాని కాల్చుటగాని మంచిది.

పిడుదులు తెచ్చు జ్వరము

పురుగుల మందు వేసినను కుక్క కోలుకొనలేదనుకొందము. అప్పుడు చెవుల లోపల, వ్రేళ్ళ సందులందు, మెడ క్రింద పిడుదులున్నవేమో చూడవలెను. కుక్కపిడుదు నెత్తురు పీల్చుటతో ఊరకొనదు. నెత్తురు కణములలో నివసించు సూక్ష్మజీవులను కుక్క ఒంటిలో విడుచును. వానిలో ఎర్లికియా యనునది మన వంటి ఉష్ణదేశములందు మిక్కిలి వ్యాపించినది. దీనిని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించిరి. వియత్నాం యుద్ధమున, 1968 ప్రాంతమున, అమెరికా సైన్యపు కుక్కలు వందలకొలది ఈ వ్యాధికి బలియైనప్పుడు గాని లోకము దీని తీవ్రతను ఎరుగలేదు. ముక్కున నెత్తురు కారుచు చిక్కి చనిపోయిన ఆ కుక్కలలో పెక్కు జర్మన్ షెపర్డు జాతివి. మన పట్టణములనుండి పల్లెలకు ఇప్పుడు విరివిగా వచ్చుచున్నదియు ఆ జాతియే.

ఈ జ్వరము మోసగాడు. మొదట రెండు మూడు వారములు జ్వరము, మందకొడితనము కనబడి తమంతట తామే పోవును. కుక్క బాగుపడినదని మనము మరచిపోదుము. సూక్ష్మజీవి మాత్రము ఎముకల మూలుగలో పొంచియుండి, నెలలకో, ఏండ్లకో మరల తల ఎత్తును. అప్పుడు కుక్క చిక్కును, చిగుళ్ళు పాలిపోవును, పొట్టపై ఎర్రని మచ్చలు పుట్టును, ముక్కున నెత్తురు కారును. పిడుదులు ఎన్నడో పోయియుండును గనుక ఇంటివారికి దీనికిని వానికిని గల సంబంధము తోచదు. కావున "ఏడాదిలో ఎప్పుడైన పిడుదులు పట్టినవా?" అని వైద్యుడు అడిగినచో ఆలోచించి చెప్పవలెను. పిడుదులవలననే వచ్చు బెబీసియా యను మరియొక వ్యాధిలో మూత్రము కాఫీ రంగున దిగవచ్చును. అది కనబడిన పూటనే వైద్యశాలకు పోవలెను.

ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ మందును వైద్యులు సాధారణముగా 28 దినములు వాడుదురు. ఈ మందు ఏ కుటుంబమునకు చెందినదో ఆ కుటుంబమునందు మొదటిదగు ఆరియోమైసిన్, 1948లో లోకమునకు వెల్లడియైనది. దానిని కనుగొనినవాడు బెంజమిన్ డుగ్గర్. ఆ పరిశోధనాలయమునకు అధిపతిగా నుండి ఆ కృషిని నడిపించినవాడు భీమవరమున 1895లో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. కుక్కకు మాత్ర మ్రింగించు వేళ ఈ సంగతి ఎవరికి జ్ఞప్తికి వచ్చును? ఐనను చెప్పుకొనదగినదే.

పిడుదులను పోగొట్టుటయందు మనవారు చేయు పొరపాట్లు ప్రాణాంతకములు. ప్రత్తిచేనికి చల్లగా మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి కుక్కకు పూయుట యొకటి. కుక్క ఒళ్ళు నాకుకొనును. సాయంకాలమునకు వణకుచు, నురగ క్రక్కుచు చచ్చును. కిరసనాయిలు పూసినచో చర్మము కాలును. కుక్కల కొరకు తయారైన మందులు కలవు. వానిని తూకమును బట్టి వాడవలెను. మరి పిడుదు తన జీవితములో ఎక్కువ భాగము గడపునది కుక్కపై గాదు, గోడలలో. నెత్తురు త్రాగి ఉబ్బిన ఆడపిడుదు క్రిందికి రాలి, పగుళ్ళలో దూరి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్క పడుకొను చోటనున్న గోడల నెరియలను పూడ్చి సున్నము కొట్టి, క్రింద పరచిన గోనెను మార్చనిచో కుక్కకు మాత్రము మందు పూయుట వ్యర్థము.

ఆకలి మెండు, ఒళ్ళు సున్న

కొన్ని కుక్కలు ఎంత పెట్టినను తినును, ఇంకను కావలెనని ఏడ్చును, తమ మలమును తామే తినబోవును, ఐనను ఎండిపోవుచుండును. మలము పాలిపోయి, జిడ్డుగా, కుప్పలుగా పడును. వీనిలో క్లోమగ్రంథి జీర్ణరసములను తయారు చేయుట మానియుండవచ్చును. ఇదియు జర్మన్ షెపర్డులకు ఎక్కువ. రక్తపరీక్షచే తేలును. ఆ రసములను పొడిరూపమున ప్రతి భోజనములో కలిపి, బ్రతికినన్నాళ్ళు పెట్టవలసియుండును. పెట్టినచో కుక్క చక్కగా తిరుగుకొనును.

ఆకలితో పాటు దప్పికయు మెండైనచో మధుమేహమును తలపవలెను. ఈ వ్యాధి రహస్యము బయటపడినదే కుక్కవలన. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, మేరింగ్ అను వైద్యులు ఒక కుక్క క్లోమగ్రంథిని తీసివేయగా దానికి మధుమేహము వచ్చినది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఆ గ్రంథినుండి తీసిన సారమును అట్టి కుక్కలకే యిచ్చి ఇన్సులిన్‌ను నిరూపించిరి. నేడు ఆ ఇన్సులిన్ కుక్కలకును వాడబడుచున్నది. మధుమేహముగల కుక్క మూత్రము పోసిన చోట చీమలు చేరవచ్చును; కండ్లు తెల్లబారవచ్చును. అనుమానమున్నచో ఒక దినము త్రాగు నీటిని కొలిచి పోయుడు. 20 కిలోల కుక్క దినమునకు ఒక లీటరు వరకు త్రాగుట మామూలు. రెండు లీటర్లు దాటినచో మధుమేహమో, మూత్రపిండముల జబ్బో, మరియేదియో కలదని నిశ్చయించి వైద్యునికి చూపవలెను. నీరు ఎక్కువ త్రాగుచున్నదని నీటిని దాచుట మహాపరాధము.

తినక చిక్కుట

కుక్క తిండి దగ్గరకు వచ్చి, వాసన చూచి, ఒక కబళము పట్టి వదలినచో నోటిలో బాధ కలదు: పుచ్చిన పన్ను, చిగుళ్ళ చీము, గొంతులో గ్రుచ్చుకొన్న ఎముక. అసలు తిండి వంకయే చూడక, నోరు దుర్గంధము కొట్టుచు, వాంతులు చేసికొనుచున్నచో ముసలి కుక్కలలో మూత్రపిండములు చెడియుండుట మెండు. కడుపులోని గడ్డలును ఇట్లే చిక్కించును.

ఊరిలో విడిగా తిరుగు కుక్కలకు సంపర్కమువలన అంటు గడ్డ యొకటి కలదు. మర్మస్థానమునుండి నెలల తరబడి నెత్తురు చుక్కలు రాలుచుండును. ఆడకుక్కయైనచో ఎదకు వచ్చినదని పొరబడుదురు. దీనికి వారమునకొక తూరి, కొన్ని వారములు, విన్‌క్రిస్టిన్ యను సూదిమందు వేయుదురు. చాల కుక్కలకు పూర్తిగా నయమగును. ఆ మందు మన పెరళ్ళలో పూయు బిళ్ళగన్నేరునుండి తీయబడునదే. అట్లని ఆకు నూరి పోయరాదు. ఆ మొక్క విషము.

ఇక నొక్క హెచ్చరిక. కుక్క హఠాత్తుగా తిండి మాని, దవడ వ్రేలవేసి, చొంగ కార్చుచు, మ్రింగలేక అవస్థపడుచున్నచో, గొంతులో ఎముక చిక్కినదని తలచి నోటిలో చేయి పెట్టరాదు. పిచ్చికుక్క వ్యాధి యొక్కొక్కప్పుడు కరచుట, పరుగెత్తుట లేక ఈ రూపముననే వచ్చును. దానిని ఒంటరిగా బంధించి, పిల్లలను దూరముగా నుంచి, వైద్యునికి కబురు చేయవలెను. అప్పటికే చొంగ గాయముపై పడియున్నచో, పంటి గాటు తగిలియున్నచో, సబ్బుతో ధారగా పారు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే మనుష్యుల ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. వ్యాధి పైకి కనబడిన పిమ్మట మనిషినిగాని కుక్కనుగాని బ్రతికించు మందు లేదని చెప్పవచ్చును. మూడు నెలల వయసున మొదటి టీకా, పిమ్మట ఏటేట ఒకటి వేయించినచో ఈ భయముండదు. 1885 జూలై 6వ తేదీన పాస్చర్ ఒక బాలునికి ఈ వ్యాధికి టీకా మొదటిసారి వేసినందున, ఏటేట ఆ దినమున పశువైద్యశాలలందు కుక్కలకు టీకాలు వేయుట ఆచారమైనది.

వైద్యశాలకు పోవునపుడు

వట్టిచేతులతో పోరాదు. ఆ ఉదయపు మలమును ఉసిరికాయంత, మూతగల శుభ్రమైన సీసాలో తీసికొని కొన్ని గంటలలోపల చేర్చవలెను. సూక్ష్మదర్శినిలో చూచినచో ఏ పురుగో తెలియును. ఊహపై మందు వేయు పని తప్పును. తూకముల కాగితము, దినమునకు పెట్టు తిండి, త్రాగు నీటి కొలత, ఇదివరకు వేసిన మందుల సీసాలు, మాత్రల అట్టలు వెంటనుండవలెను. చెవినుండి తీసిన నెత్తురు చుక్కను అద్దపు పలకపై పూసి చూచుటచే పిడుదు జ్వరములు కొన్ని బయటపడును. కుక్కను తీసికొనిపోవు వీలు లేనివారు 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనము సంగతి తెలిసికొనవచ్చును.

పోవు వరకు ఇంటిలోనున్న మందులు ఏవియు పెట్టకుండుట మంచిది. మన ఒంటినొప్పులకు వాడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండములను పాడుచేయును. పశువులకు మిగిలిన ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కకు పొడిపించుట కొన్ని చోట్ల కలదు. కోలీ మొదలగు జాతులకును, వాని సంకరములకును అది మెదడుకు సోకి ప్రాణము తీయగలదు.

కారణము తెలిసి చికిత్స మొదలైన పిమ్మట, ఎండిపోయిన కుక్కకు ఒక్కసారిగా కడుపు పగులునట్లు పెట్టరాదు. అదే తిండిని దినమునకు మూడు నాలుగు తూరులుగా పంచి, వారము పది దినములలో మెల్లగా పెంచవలెను. పిడుదు జ్వరపు కుక్క మూడవ దినముననే లేచి తోక ఆడించును. అంతమాత్రమున మాత్రలు ఆపక 28 దినములు నిండించవలెను. పురుగుల మందు వేసిన రెండు వారములకు మలమును మరల పరీక్షింపచేసి, వారము వారము తూకము వ్రాయుట మానక, నెల తిరుగగనే ఆ కాగితముతో కుక్కను మరల వైద్యునికి చూపవలెను.